చేపకు అభయం, చేపకు దారి

గోదావరికి ఎర్రనీరు తగిలే రోజుల్లో బంగాళాఖాతం నుంచి ఒక చేప నదిలోకి ఎదురెక్కుతుంది. సముద్రంలో ఉన్నంతకాలం దాని పేరు విలస. నదీముఖం దాటి తీపినీటిలో ఈదుకుంటూ పైకి వచ్చాక అదే పులస. బెంగాలీలు ఇలిష్ అనేదీ, శాస్త్రజ్ఞులు హిల్సా అనేదీ ఈ చేపనే. గుడ్లు పెట్టడానికి దీనికి నది కావాలి, పెరగడానికి సముద్రం కావాలి. పిల్లలు కొన్ని నెలలు ఏటినీటిలో గడిపి మళ్ళీ ఉప్పునీటికి దిగుతాయి. కాబట్టి పులస ఇల్లు ఫలానా చోట ఉందని చూపించడం కుదరదు. నదినీ సముద్రాన్నీ కలిపే దారే దాని ఇల్లు. యానాం రేవులో, గోదావరి పొడవునా ఉన్న సంతల్లో ఒక్కో పులస వేల రూపాయలు పలుకుతుంది. పుస్తెలమ్మి అయినా పులస తినాలన్న సామెత ప్రతి వానాకాలం వినబడుతూనే ఉంటుంది. పులుసు గురించి ఇంత చెప్పుకునే చోట, ఆ చేప ఎంతదాకా రాగలుగుతోంది, ఎక్కడ ఆగిపోతోంది అన్న మాట మాత్రం అరుదుగా వస్తుంది.

ఆగిపోయే చోటు ధవళేశ్వరం. 1833 నాటి డొక్కల కరువు మిగిల్చిన భయం ఇంకా ఆరకముందే, నాలుగు పాయలకు అడ్డంగా అక్కడ ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. కట్టించిన ఆర్థర్ కాటన్‌ను డెల్టా రైతులు దేవుడితో సమానంగా చూస్తారు. గోదావరి స్నానంలో ఆయన పేరు చెప్పి అర్ఘ్యం విడిచేవారున్నారు. దాదాపు పది లక్షల ఎకరాలకు నీరిచ్చిన మనిషికి ఆ గౌరవం తగినదే. పాత ఆనకట్ట స్థానంలో ఇప్పుడున్న బ్యారేజి 1982లో వచ్చింది. చరిత్రలో తగినంతగా గుర్తుంచుకోని సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. నదులకు అడ్డంగా కట్టే ఆనకట్టల వల్ల తీరప్రాంతపు చేపలకు హాని కలగవచ్చని 1867లో లండన్ ప్రభుత్వం దృష్టికి తెచ్చినవాడు కాటనే. ఆ తర్వాతే వైద్యుడూ మత్స్యశాస్త్రజ్ఞుడూ అయిన ఫ్రాన్సిస్ డే దేశమంతా తిరిగి నదుల్లోని చేపలను పరిశీలించాడు. ఆయన నివేదిక 1873లో అచ్చయింది. 1897 నాటి భారత మత్స్య చట్టం పేలుడు మందుతోనూ విషంతోనూ చేపలు పట్టడాన్ని నేరంగా ప్రకటించింది. చంపే పద్ధతుల్లో క్రూరమైనవాటికి శిక్ష వచ్చింది. చేప వచ్చే దారిలో నిలిచిన గోడ మాత్రం అలాగే ఉండిపోయింది.

ధర్మవిచారానికి చిక్కైన ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది. ఆనకట్ట ఏ చేపనూ చంపలేదు. కట్టినవారికి చేపల మీద ద్వేషం లేదు, చంపాలన్న సంకల్పం లేదు. మనసా వాచా కర్మణా అన్న అహింస కొలతతో చూస్తే ఇక్కడ హింస కనబడదు. ఎగువకు చేరలేక గుడ్లు విడవని చేప ఉంది, పుట్టకుండా పోయిన పిల్లలున్నాయి. కానీ పుట్టని జీవికి అన్యాయం జరిగిందని ఎలా అనడం? కర్మ సిద్ధాంతం ఈ ప్రశ్నను మరింత బిగిస్తుంది. ఒక జీవుడు పులసగా పుట్టకపోతే ఇంకో యోనిలో పుడతాడు, అతని ప్రయాణం ఆగదు. న్యాయ వైశేషికుల మాటా దీనికి సాయపడదు. వారి లెక్కలో జాతి నిత్యం. వ్యక్తులు పోయినా గోత్వం పోదు, మత్స్యత్వం పోదు. ఒక నది నుంచి ఒక చేపజాతి తుడిచిపెట్టుకుపోవడం అనే సంఘటనకు పేరు పెట్టడానికి ఆ చట్రంలో చోటు లేదు. జీవుణ్ని ఒక్కొక్కరిగా లెక్కించే ఏ ధర్మానికైనా నది నష్టం కనబడదు.

ధర్మశాస్త్రాలు చేప గురించి అడిగిన ప్రశ్న వేరు. తినవచ్చా, కూడదా అన్నది వాటి చర్చ. మనుస్మృతి చేపలు తినడాన్ని నిందిస్తూనే పాఠీనం, రోహితం వంటి కొన్నింటిని హవ్యకవ్యాలకు అనుమతించింది. తినేవాడి శుద్ధి గురించిన విచారమే అది, ఈదే చేప గురించినది కాదు. కౌటిల్యుడి అర్థశాస్త్రం ఇంకొంచెం దూరం వెళ్ళింది. రాజు అభయం ప్రకటించిన మృగాలను, పక్షులను, చేపలను పట్టినా చంపినా భారీ దండన వేయాలంది. సముద్రంలోవే కాక చెరువుల్లో, నదుల్లో, కాలువల్లో ఉండే కొన్ని చేపలనూ కాపాడవలసిన జాబితాలో చేర్చింది. అభయం అన్న మాటకు ఇక్కడ చట్టబలం వచ్చింది. అయితే ఆ అభయం చంపేవాడి చేతిని ఆపేదే. వల పడకుండా కాపాడగలదు, నీరు రాకుండా పోతే ఏమీ చేయలేదు.

నీటిని గురించి, చోటును గురించి ఆలోచించినవి శాస్త్రాల కన్నా కథలే. శతపథ బ్రాహ్మణంలో పొద్దున్నే చేతులు కడుక్కుంటున్న మనువు దోసిట్లోకి ఒక చిన్న చేప వస్తుంది. నన్ను కాపాడు, నిన్ను నేను కాపాడతానంటుంది. చిన్నగా ఉన్నంతకాలం పెద్ద చేపలు మమ్మల్ని మింగేస్తాయని చెబుతుంది. రాజనీతిలో మత్స్యన్యాయం అనే మాట ఈ భయం నుంచి పుట్టినదే. మనువు దాన్ని మొదట కుండలో ఉంచాడు. కుండ చాలకపోతే గుంట తవ్వాడు. గుంట కూడా చాలనప్పుడు సముద్రంలో విడిచాడు. భాగవతంలో ఇదే కథ సత్యవ్రతుడి పేరుతో వస్తుంది, చేప పెరిగేకొద్దీ పాత్ర మారుతూనే ఉంటుంది. ప్రళయంలో నావను లాగిన కొమ్ము అందరికీ గుర్తుంటుంది కానీ ఆ కుండ, ఆ గుంట, చివరి సముద్రం కూడా అంతే ముఖ్యం. చేపకు ప్రాణం నిలబెట్టడం తొలిమెట్టు మాత్రమేనని, అది ఎదిగే కొలదికి సరిపడే చోటును ఇవ్వడమే రక్షణ అని ఈ కథ చూపిస్తుంది. కుండలోనే ఉంచి కాపాడానని మనువు చేతులు దులుపుకుని ఉంటే కథే లేదు. పులస విషయంలో మరో కష్టం ఉంది. అది పట్టగానే చచ్చిపోయేంత సున్నితమైన చేప. దాన్ని కుండలో ఉంచడం మనువుకు కూడా సాధ్యమయ్యేది కాదు.

ఒక్క చేప మీద జాలి మాత్రమే ఉంటే ఏమవుతుందో సౌభరి కథ చెబుతుంది. యమునా మడుగులో తపస్సు చేస్తున్న సౌభరి వారిస్తున్నా వినకుండా గరుత్మంతుడు ఒక పెద్ద చేపను పట్టి తిన్నాడు. నాయకుణ్ని పోగొట్టుకుని మిగతా చేపలు అల్లాడుతుంటే ఋషి గుండె కరిగింది. మళ్ళీ ఈ మడుగుకు వచ్చి చేపలను తింటే చచ్చిపోతావని గరుత్మంతుణ్ని శపించాడు. ఆ శాపం సంగతి తెలిసినవాడు కాళియుడొక్కడే. గరుడుడు రాలేని చోటని వాడు అక్కడ కాపురం పెట్టాడు. నీళ్ళు విషమయ్యాయి. ఒడ్డున చెట్లు మాడాయి, పైన ఎగిరే పక్షులు పడి చచ్చాయి. భాగవత కథ ఈ రెండు సంఘటనలను పక్కపక్కనే పెట్టింది. చేపను తినే జీవిని తరిమేస్తే చేపలు బతుకుతాయన్న నమ్మకం ఎలా తలకిందులైందో చదివేవారికి తెలిసిపోతుంది. నీటికాకిని, నీటిపిల్లిని, చేపలు తినే కొంగను శత్రువులుగా చూసే ఆలోచనకు ఇంతకన్నా మంచి జవాబు దొరకదు. మడుగు పాడయ్యాక దాన్ని బాగుచేయడానికి శాపం పనికిరాలేదు. కృష్ణుడే నీళ్ళలో దిగి పామును మడుగు నుంచి సముద్రానికి వెళ్ళగొట్టాల్సి వచ్చింది.

జాలి మంచిదే. అయితే అది ఏ బంధంలోంచి పుడుతుందన్నది చూడాలి. మహాభారతం ఆనుశాసనిక పర్వంలో ధర్మరాజు భీష్ముణ్ని అడిగినది ఇదే. కలిసి బతకడం వల్ల కలిగే స్నేహం ఎలాంటిదని. జవాబుగా భీష్ముడు చ్యవనుడి కథ చెప్పాడు. గంగా యమునలు కలిసే చోట నీళ్ళలో కూర్చుని చ్యవన మహర్షి పన్నెండేళ్ళు వ్రతం పట్టాడు. చేపలు ఆయనకు అలవాటుపడి చుట్టూ తిరిగేవి. ఒకనాడు నిషాదులు పెద్ద వల వేసి లాగితే చేపలతో పాటు ఋషి కూడా ఒడ్డుకు వచ్చాడు. ఒళ్ళంతా నాచు, గడ్డమంతా గుల్లలు. పక్కన ఊపిరాడక కొట్టుకుంటున్న చేపలను చూసి ఆయన నిట్టూర్చాడు. భయపడి కాళ్ళమీద పడ్డ జాలరులతో, వీటితో కలిసి బతికాను, బతికినా చచ్చినా వీటితోనే, వీటిని వదిలి రానన్నాడు. జాలరులను ఒక్క మాట అనలేదు. వాళ్ళు చేసేది వాళ్ళ బతుకుతెరువని ఆయనకు తెలుసు. ఈ కథలో చేప గొప్ప జీవి కనుక రక్షించాలన్న వాదన లేదు, చేపలో దేవుడున్నాడన్న మాటా లేదు. ఒకే నీటిలో కలిసి ఉండటం ఒక్కటే కారణం. నది ఒడ్డున ఊళ్ళు కట్టుకుని, ఆ నీళ్ళే తాగి, ఆ నీళ్ళతోనే పంట పండించుకునే ప్రజలకు ఈ కారణం పూర్తిగా వర్తిస్తుంది. వేదవ్యాసుడి తల్లి సత్యవతి చేప కడుపున పుట్టి దాశరాజు ఇంట పెరిగిందనీ, తెలంగాణలో చేపలు పట్టే కులం తమను గంగపుత్రులని చెప్పుకుంటుందనీ గుర్తుచేసుకుంటే, ఆ సహవాసం ఎంత పాతదో అర్థమవుతుంది.

బౌద్ధంలో సువర్ణప్రభాస సూత్రం చెప్పే జలవాహనుడి కథ ఇంకా సూటిగా ఉంటుంది. వైద్యుడి కొడుకైన జలవాహనుడు ఒక అడవి చెరువు ఎండిపోతుంటే పదివేల చేపలు ఎండలో మాడడం చూశాడు. మొదట చెట్ల కొమ్మలు నరికి నీడ వేశాడు. తర్వాత నీళ్ళు ఎందుకు రావడం లేదో వెతుక్కుంటూ ఎగువకు వెళ్ళాడు. చేపలు పట్టడం కోసం ఎవరో నదిని పైనే దారి మళ్ళించారు. దాన్ని తిరిగి మళ్ళించడం అప్పటికప్పుడు అయ్యే పని కాదు. రాజును అడిగి ఇరవై ఏనుగులు తెచ్చి, తోలుసంచుల్లో నీళ్ళు మోయించి చెరువు నింపాడు. చివరికి ఆ చేపలకు బుద్ధుడి పేరును, ప్రతీత్యసముత్పాదాన్ని వినిపించాడు. ఒకటి ఉండటం వల్ల మరొకటి ఉంటుందన్న బోధను వినడానికి నీళ్ళు లేని చేపల కన్నా తగిన శ్రోతలు ఎవరు? కరుణ ఇక్కడ కారణాన్ని వెతుక్కుంటూ ఎగువకు నడిచింది. నదుల పునరుద్ధరణ అని ఇవాళ పిలిచే పనికి మొదటి అడుగు ఆ నడకే.

విచిత్రంగా, ఈ కథను ఆధారంగా చూపించే తూర్పు ఆసియా బౌద్ధంలో ఎగువకు నడక మరుగున పడి, నీళ్ళలో వదలడం మిగిలింది. ఆరో శతాబ్దంలో చైనా ఆచార్యుడు జియీ చేపలను వదిలే చెరువులను ఏర్పాటు చేయించాడు. జాలరులను ఒప్పించి వేట మాన్పించాడు. ఆయన కాలానికి అది గొప్ప పని. తర్వాతి శతాబ్దాల్లో పుణ్యం కోసం అంగడిలో చేపలు కొని ఏ నీళ్ళు కనబడితే ఆ నీళ్ళలో వదిలే ఆచారంగా మారింది. వదలడం కోసమే పట్టడం, దూరదేశపు చేపలను స్థానిక నదుల్లో కలపడం దాని వెంటే వచ్చాయి. వదిలిన చేప బతికితే అక్కడి చేపకు తిండి పోతుంది, బతకకపోతే చేసిన పుణ్యమే లేదు.

ఈ విషయంలో జైనులు పాటించే ఒక చిన్న ఆచారం చాలా లోతైనది. నీటిలోనే జీవం ఉందని, అప్కాయ జీవులు ఉంటాయని వారి సిద్ధాంతం. నీళ్ళు వడకట్టి తాగుతారు. వడకట్టిన గుడ్డ మీద మిగిలిన సూక్ష్మజీవులను పారబోయరు. ఏ బావి నీళ్ళు తోడారో ఆ బావిలోకే తిరిగి జాగ్రత్తగా దించుతారు. ఒక బావి జీవులను మరో బావిలో వేయడం కూడా హింసే. కంటికి కనబడని ప్రాణికి కూడా తనదంటూ ఒక నీరు ఉందన్న గుర్తింపు ఇది. స్థానిక చేపల రక్షణ గురించి శాస్త్రజ్ఞులు చెప్పే సూత్రమంతా ఈ ఆచారంలో ఇమిడి ఉంది.

ఆ సూత్రం తెలియక జరిగిన నష్టానికి కావేరి సాక్ష్యం. మూపురం ఉన్న పెద్ద మహసీర్ ఒకటి ప్రపంచంలో కావేరి పరీవాహకంలో తప్ప ఇంకెక్కడా లేదు. తగ్గిపోతున్న మహసీర్ చేపలను పెంచాలన్న సదుద్దేశంతో 1970ల నుంచి లోనావాలా దగ్గరి కేంద్రంలో పుట్టించిన నీలిరెక్కల మహసీర్ పిల్లలను దేశంలోని ఎన్నో నీళ్ళలో వదిలారు, కావేరిలో కూడా. అది కృష్ణా పరీవాహకపు చేప. అక్కడ అది స్వస్థానంలో ఉన్న జీవి, కాపాడవలసిన జీవి. కావేరిలో అదే చేప పరాయిది. అది విస్తరించింది, మూపురపు మహసీర్ కనుమరుగవుతూ వచ్చింది. మూపురపు మహసీర్‌కు సరైన శాస్త్రీయ నామం తేలింది 2018లోనే. అదే ఏడాది అది అత్యంత ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాకు ఎక్కింది. వదిలినవారిలో ఎవరూ ఒక్క చేపనైనా చంపలేదు. ధవళేశ్వరం దగ్గర ఎదురైన ప్రశ్నే ఇక్కడ వేరే రూపంలో ఎదురవుతుంది.

పెంపకపు చేపల సంగతి ఇంకో రకం. 1957లో హీరాలాల్ చౌధురి హార్మోన్ ఇంజెక్షన్‌తో శీలావతి వంటి చేపల చేత చెరువులోనే గుడ్లు పెట్టించగలిగాడు. కొల్లేరు చుట్టూ కనబడే చెరువులన్నిటికీ మూలం ఆ విజయమే. కోట్లమందికి తిండి, లక్షలమందికి పని దొరికాయి. అంతమాత్రాన నది తిరిగి నిండినట్టు కాదు. హేచరీలో పుట్టిన చేప వరదను ఎదిరించి రాలేదు, మడుగులో ఎండాకాలం గడపలేదు, తల్లిదండ్రులను నది ఎంపిక చేయలేదు. కొర్రమీను జంట గూడు కట్టి పిల్లల మందను వారాల తరబడి కావలి కాస్తుంది. ఆ కావలికి గడ్డి ఉన్న ఒడ్డు, కదలని లోతులేని నీరు కావాలి. కొర్రమట్ట అని కూడా పిలిచే ఈ చేపను తెలంగాణ 2016లో రాష్ట్ర చేపగా ప్రకటించుకుంది. ప్రకటన వల్ల దక్కే గౌరవం ఆ గడ్డి ఒడ్డుకు కూడా దక్కాలి. ఇసుక ర్యాంపుల దగ్గర యంత్రాలతో తోడేసిన చోట ఇసుకదొందు అనే చేప గుడ్డు పెట్టే నేలే మిగలదు.

దేవుడి పేరుతో కాపాడిన మడుగులు మన దగ్గర ఉన్నాయి. తుంగ ఒడ్డున శృంగేరిలో మెట్ల దగ్గరికి గుంపులుగా వచ్చే మహసీర్ చేపలను తెలుగు యాత్రికులు ఎంతోమంది చూసి ఉంటారు. దక్షిణ కన్నడ జిల్లా శిశిలలో కపిలా నది మత్స్యతీర్థమూ అలాంటిదే. చట్టం రాకముందే, కాపలా మనిషి లేకుండానే, పాపభీతి ఒక్కటే ఆ చేపలను కాపాడుతూ వచ్చింది. శిశిలలో 1990లలో ఎవరో నీళ్ళలో విషం కలిపి చేపలను చంపినప్పుడు ఊరంతా ఇంట్లో మనిషి పోయినట్టు దుఃఖపడింది. ఇది చిన్న విషయం కాదు. అయితే గుడి మడుగు అభయానికి హద్దు ఉంది. అది రేవు దగ్గర మొదలై కొన్ని వందల అడుగుల్లో ముగుస్తుంది. గుడ్లు పెట్టే వేళ మహసీర్ పైకి, రాళ్ళూ గులకలూ ఉన్న వాగుల్లోకి వెళ్ళాలి. అక్కడ దేవుడి పేరు పనిచేయదు. భక్తులు వేసే మరమరాలతో ఒళ్ళు చేసిన చేప నదిలో తనకు దొరికే తిండి వెతుక్కోవడం తగ్గిస్తుంది. మనువు కుండను దాటి గుంట దాకా వచ్చిన రక్షణ ఇది. సముద్రం ఇంకా మిగిలే ఉంది.

చోటు తర్వాత కాలం. పట్టాభిషేకమైన ఇరవై ఆరేళ్ళకు అశోకుడు చెక్కించిన ఐదో స్తంభ శాసనం కొన్ని చేపజాతులను అసలే చంపరాదంది. చాతుర్మాస్యాల మూడు పున్నముల్లో, తిష్య పున్నమిలో, వాటి ముందు వెనుక రోజుల్లో చేపను చంపడం కానీ అమ్మడం కానీ కూడదంది. ఆ రోజుల్లో జాలరుల నీళ్ళలో ఉండే ఇతర జీవులకూ రక్షణ చెప్పింది. ఎప్పుడూ తినవద్దనలేదు, ఫలానా రోజుల్లో ఆపమంది. నేడు తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల సముద్రవేట ఆపడం అదే దారిలో వచ్చిన ఆలోచన. ఒక లోటు మాత్రం ఉంది. పులస నదికి ఎదురెక్కేది ఆ నిషేధం ముగిశాకే, ఆషాఢ శ్రావణ భాద్రపదాల్లో. కడుపులో గుడ్లతో బ్యారేజి కింద గుమిగూడే వారాల్లోనే వలలన్నీ దాని మీద పడతాయి. తెలుగు ఇళ్ళలో కార్తికంలో మాంసం మానేసే అలవాటు విస్తారంగా ఉంది, శ్రావణంలో మానేసేవారూ ఉన్నారు. కార్తికానికి పులస కాలం అయిపోతుంది. శ్రావణంలో మానేసేవారి నియమం పులస కాలంతో సరిగ్గా కలుస్తుంది కానీ, దాన్ని పాటించేవారు చేపను తలచుకుని పాటించరు. యతులు చాతుర్మాస్యంలో ఒక్కచోట ఆగేది వానకు పుట్టిన ప్రాణులను తొక్కకుండా ఉండాలని. అదే నాలుగు నెలలు చేపలకు ప్రయాణకాలం. ఆగవలసినవారు ఆగితేనే నడవవలసినవి నడుస్తాయన్న భావం ఆ వ్రతంలోనే ఉంది. శ్రావణ నియమాన్ని పులస పేరుతో పాటించమని పెద్దలో, మఠాలో ఒక్క మాట చెబితే ఆచారంలో కొత్తగా కలపవలసింది ఏమీ ఉండదు.

ఇక నీటిలో వాటా. గృహస్థుకు చెప్పిన పంచయజ్ఞాల్లో భూతయజ్ఞం ఒకటి. తాను తినేముందు కాకికి, చీమకు, కుక్కకు ఒక ముద్ద తీసిపెట్టాలి. అది దయతో వేసే భిక్ష కాదు, వాటి భాగాన్ని వాటికి అప్పగించడం. గోదావరి జలాల మీద ట్రిబ్యునల్ తీర్పు 1980లో వచ్చింది. రాష్ట్రాలు వాదించాయి, రాష్ట్రాలకు వాటాలు దక్కాయి. వేసవిలో మడుగులు ఎండకుండా ఉండటానికి ఎంత నీరు కదలాలి, వరదలో ఏ గేటు ఎన్నాళ్ళు తెరిచి ఉంచితే చేప ఎక్కుతుంది అన్నవి వాదనకు రాలేదు. భూతయజ్ఞాన్ని ఇంటి పెరడు దాటించి నదికి అన్వయిస్తే, చేప నీరు అనేది మిగిలితే వదిలేది కాకుండా మొదటే తీసిపెట్టే ముద్ద అవుతుంది. గీత చెప్పిన లోకసంగ్రహం అన్న మాటకు కూడా, విడిపోయేవాటిని కలిపి ఉంచడం అన్న అర్థంలో, ఇక్కడ పని ఉంది. ఆనకట్టలకు చేపమెట్లు కట్టడం ఒక ఉపాయం. ఎగిరి దూకే సాల్మన్ కోసం పశ్చిమ దేశాల్లో రూపొందిన మెట్లు, దూకని పులసకు అలాగే పనికిరావు. నెమ్మదిగా పారే ఏటవాలు దారో, లాకులో, వరదవేళ తెరిచిన గేటో కావాలి. గంగ మీద ఫరక్కా బ్యారేజి 1975లో నడకలోకి వచ్చింది. అంతకుముందు ఆగ్రా దాకా వెళ్ళిన హిల్సా ఎగువన దాదాపు లేకుండా పోయింది. చేప అలవాటు తెలుసుకోకుండా కట్టిన దానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

గోడనే తీసేసిన చోటు ఒకటుంది. అమెరికా వాషింగ్టన్ రాష్ట్రంలో ఎల్వా నది మీద 1913లో ఒకటి, 1927లో ఒకటి ఆనకట్టలు లేచాయి. చేపమెట్లు లేవు. సాల్మన్ చేపలకు చివరి ఎనిమిది కిలోమీటర్లే మిగిలాయి. అక్కడి లోయర్ ఎల్వా క్లాలమ్ తెగకు సాల్మన్ తిండీ, బంధువూ. ఏడాదిలో తొలి సాల్మన్‌ను పూజించి, దాని ఎముకలను నదికి తిరిగి అప్పగించడం ఆ తీరపు తెగల్లో చాలావాటి ఆచారం. 2011 నుంచి 2014 వరకు రెండు ఆనకట్టలనూ విడగొట్టారు. జలాశయం దిగాక, తమ జాతి పుట్టిన చోటుగా ఆ తెగ పెద్దలు చెబుతూ వచ్చిన పవిత్ర శిల మళ్ళీ బయటపడింది. చేప దారి, దేవుడి చోటు ఒకే నీటి కింద మునిగి ఉన్నాయి, ఒకేసారి తేలాయి. ఆనకట్టలు విడగొట్టడం మొదలైనప్పటి నుంచి పదేళ్ళకు పైగా ఆ తెగవారు ఎల్వాలో వేట మానేశారు. 2023లో, తగినన్ని సాల్మన్ తిరిగి వచ్చాక, మళ్ళీ చేపలు పట్టారు. ధవళేశ్వరాన్ని తొలగించమని ఎవరూ అనరు, అనకూడదు. దాని మీద ఆధారపడ్డ పొలాలు ఎల్వా లోయలో లేవు. ఎల్వా నేర్పేది, దారి తెరిస్తే చేప ఆ దారిని కనిపెట్టుకుని వస్తుందన్న సంగతి.

నదికి న్యాయస్థానంలో గొంతు ఇవ్వడం గురించి ఒక్క మాట. హిందూ దేవాలయంలో విగ్రహాన్ని చట్టం వ్యక్తిగా గుర్తిస్తుంది, దాని తరఫున ధర్మకర్త మాట్లాడతాడు. 2017లో న్యూజిలాండ్ వంగనుయి నదికి చట్టం ద్వారా అలాంటి స్థానం ఇచ్చింది. అదే ఏడాది మార్చిలో ఉత్తరాఖండ్ హైకోర్టు గంగా యమునలను వ్యక్తులుగా ప్రకటించింది. జూలైలో సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలిపివేసింది. గంగమ్మను తల్లిగా మొక్కే దేశంలో ఆ భావన కొత్తదేమీ కాదు. తల్లి తరఫున ఎవరు మాట్లాడాలన్నదే తేలలేదు.

అహింసను నిజంగా ఇబ్బంది పెట్టే సందర్భం చివరకు వస్తుంది. స్థానిక చేపను బతికించాలంటే ఒక్కోసారి పరాయి చేపను చంపాలి. 1952లో దేశంలోకి వచ్చిన తిలాపియా ఇవాళ చెరువుల్లో, నదుల్లో నిండిపోయింది. అలంకారపు తొట్లలోంచి బయటపడ్డ సక్కర్ క్యాట్‌ఫిష్ కృష్ణా గోదావరుల్లో జాలరుల వలలు చింపుతోంది. నిషేధించిన ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌ను అధికారులు పట్టి పూడుస్తారు. ఆ చేపలు ఏ పాపం చేయలేదు. తెచ్చి వదిలినవారు మనుషులు. దీన్ని పుణ్యకార్యం అనడం తప్పు. అవసరమైనప్పుడు చేయాలి, చేసినందుకు బరువు మోయాలి. వదిలిన చేతులకు ఆ భారం తప్పదన్నదే నిజాయితీగల సమాధానం. బరువు తెలిసినవాడు రెండోసారి వదలడు.

మిగిలిన వాళ్ళు జాలరులు. పులస దారి తెరవాలంటే బ్యారేజి కింద ఎర్రనీటి రోజుల్లో కొన్నాళ్ళు వల ఆపాలి. ఏడాది సంపాదనంతా ఆ రోజుల్లోనే ఉన్నవాళ్ళను ఆపమనడం తేలిక, ఆపినందుకు ఖరీదు కట్టడం కష్టం. చ్యవనుడి కథ ఇక్కడే తిరిగి ఉపయోగపడుతుంది. చేపలను వదిలి రానన్న ఋషి, జాలరులు శ్రమపడ్డారు కాబట్టి తన ఖరీదు వాళ్ళకు ఇప్పించమని రాజు నహుషుణ్ని అడిగాడు. రాజు వెయ్యి నాణేలన్నాడు. తర్వాత లక్ష, కోటి, సగం రాజ్యం. ఋషి ఏదీ తన వెల కాదన్నాడు. చివరికి ఒక ఆవును వెలగా ఇచ్చి ఒప్పించారు. వాళ్ళ కష్టానికి వెల చెల్లించింది ఖజానా, ఋషీ కాదు, చేపలూ కాదు. సముద్రవేట నిషేధ కాలానికి మత్స్యకార కుటుంబాలకు ప్రభుత్వం ఇచ్చే భృతి అదే పద్ధతి. నదిలో వల ఆపే వారాలకు కూడా ఆ లెక్కే వర్తించాలి. డెల్టా పొలాలకు నీరు అందుతున్న ఖర్చులో అది ఒక భాగమే. కథలో జాలరులు ఆ ఆవును తిరిగి ఋషికే దానం ఇచ్చారు. ఆయన దాన్ని స్వీకరించాక, వలలో పడ్డ చేపలూ వల వేసిన మనుషులూ కలిసే స్వర్గానికి వెళ్ళారని భీష్ముడు చెప్పాడు.